సిద్దమ్మ సొరచేపను ఎందుకు తిప్పి చూస్తుంది

బద్వేలు సంతలో ఎండుచేపల వరసలో మొదటి గోనెపట్ట సిద్దమ్మది. ఎవరైనా సొరచేప అడిగితే ఆమె దాన్ని వెంటనే తక్కెట్లో వెయ్యదు. వెల్లకిలా తిప్పి, తోకవైపు కింది రెక్కల దగ్గర వేలితో తడిమి చూస్తుంది. కొన్నిటిని చూడగానే పక్కన పెట్టేస్తుంది. అది బాగానే ఉంది కదా, ఇయ్యమ్మా అంటే వినదు. కొత్తవాళ్లు, పుచ్చినదాన్ని దాచిపెడుతోంది ముసల్ది అనుకుంటారు. పాతవాళ్లు, దానికి చేప మీద కూడా అనుమానమే అని నవ్వుకుంటారు. రెండూ తప్పే. సంగతేమిటో నాకు తెలుసు. సంతలో ఆమె గోనెపట్ట పక్కనే నా కుట్టుమిషను. ఊళ్లో ఆమె గోడ పక్కనే నా ఇల్లు. వారమంతా ఆమె నోరు, సంతనాడు ఆమె చేపల వాసన. దర్జీ రామకృష్ణ కుట్టిన పెండ్లిచొక్కా వేసుకుంటే పిల్లులు వెంటబడతాయని ఊళ్లో నాకు పేరొచ్చిందంటే అది ఆమె చలవే.

అనుమానం పెనుభూతం అంటారు. సిద్దమ్మ ఇంట్లో ఆ భూతం అద్దె లేకుండా కాపురముండేది. కొండల అవతల నెల్లూరు నుంచి బండ్ల మీద చేపల బుట్టలొస్తే, ఆమె తోక విరిచి చప్పుడు వినేది, ఉప్పు నాలుక మీద వేసుకునేది, బుట్ట అడుగు దాకా చెయ్యి పెట్టి రాళ్ల కోసం వెతికేది. మబ్బు పడితే, 'ఇది నెల్లూరోళ్ల మబ్బు, మన మీద కురవదు' అనేది. ఏనాడైనా కురిస్తే, దాంట్లో ఏం మతలబు ఉందో అని ఆకాశం వైపు ఇంకాసేపు చూసేది.

ఇంకో విడ్డూరం చెప్పాలి. బతుకంతా సముద్రపు చేపలు అమ్మిన మనిషికి సముద్రం మీదే నమ్మకం లేదు.

"యాడుండాదప్పా సముద్రం? నువ్వు చూసినావా?" అని నన్ను అడిగింది ఒకసారి.

"నేను చూళ్లేదు."

"మరి? నెల్లూరోళ్లు చెప్తే నమ్మాల్నా? తూకంలోనే నిజం చెప్పరు వాళ్లు, నీళ్ల సంగతి నిజం చెప్తారా?"

ఆమెకు ఒక్కడే కొడుకు, మారెన్న. బండి తోలేవాడు. వాడికి మహానంది దగ్గర పల్లె నుంచి పిల్లను తెచ్చుకున్నారు. పేరు సుంకులమ్మ. కన్న మూడోనాడే తల్లి చనిపోతే, ఇరుగుపొరుగు బాలింతలు తలా ఒక పూట పాలిచ్చి పెంచిన పిల్ల. కోడలు కాపురానికొచ్చిన మొదటి వారమే సిద్దమ్మ ఆమెను బుట్టల దగ్గర కూర్చోబెట్టి విద్య నేర్పింది. "కన్ను మోసపోతాది, చెవి మోసపోతాది. ముక్కు మోసపోదు. ఏది నోట్లో పెట్టుకున్నా ముందు వాసన చూడు. నేను పెట్టినా సరే, వాసన చూసే తిను" అంది. ఆ పిల్ల బుద్ధిగా నేర్చుకుంది. అదే తర్వాత అత్త మెడకు చుట్టుకుంది.

కర్నూలు మన రాజధానిగా ఉన్న రోజులవి. ఊరి బయట టూరింగు టాకీసు డేరా వేశారు. మేనేజరు పుల్లయ్య మా ఊరివాడే, ఇంటి దగ్గర బర్రెలు పెట్టుకుని పాలు పోసేవాడు. ఒకరోజు రెండెద్దుల బండి మీద పెద్ద చేపబొమ్మ కట్టి, తప్పెట కొట్టించుకుంటూ వచ్చాడు. 'కుటుంబ సమేతంగా చూడవలసిన చిత్రం! సముద్ర జీవాల మీద దయ, జాలి నేర్పే చిత్రం! పిల్లా జెల్లా అందరూ రండి!' అని మైకులో ఒకటే అరుపు.

సిద్దమ్మ చేట పక్కన పెట్టి వాకిట్లోకొచ్చింది. "కుటుంబమంతా రమ్మంటాడేమప్పా? అందరూ డేరాలో కూర్చుంటే ఇండ్లల్లో ఎవరుంటారు? ఇదేదో దొంగల పనే" అంది.

ఆ సినిమాకు ఏదో పెద్ద పేరుండేది. ఊళ్లో మాత్రం దాన్ని సముద్రం సినిమా అనేవాళ్లు. సుంకులమ్మకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. సినిమా చూడాలని కోరిక పుట్టింది. మామూలుగా అయితే సిద్దమ్మ గడప దాటనిచ్చేది కాదు. కానీ కడుపుతో ఉన్నదాని కోరిక తీర్చకపోతే పుట్టే బిడ్డకు చెవిలో చీము కారుతుందంటారు. లోకంలో దేన్నీ నమ్మని సిద్దమ్మ దాన్ని మాత్రం నమ్మింది. కోడల్ని ఒంటరిగా పంపే ధైర్యం లేక తానూ బయల్దేరింది. తోడుకు మా ఆవిడ, మా ఆవిడకు తోడు నేను.

డేరాలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య తడిక ఉంటుంది. తడిక ఇవతల నేను, అవతల సిద్దమ్మ. తెర మీద సముద్రం కనిపించగానే జనమంతా నోరు తెరిచారు. తడిక అవతల నుంచి గొంతు వచ్చింది. "మన సగిలేటికి నీళ్లొచ్చినప్పుడు తీసినట్టుండారు."

కథ చిన్నదే. బెస్త అతనొకడు రోజుల తరబడి వల వేసినా చేప పడదు. ఇంట్లో ఆకలి. చివరికి ఒక పెద్ద సొర పడుతుంది. ఇసుక మీదికి లాగి, కోద్దామని కత్తి ఎత్తుతాడు. అప్పుడు దాని పొట్ట కదులుతుంది. వాళ్ల చిన్నకూతురు పరుగెత్తుకొచ్చి, 'నాయనా, దాని కడుపులో పిల్లలుండాయి' అని ఆ చేప మీద పడుకుంటుంది. సొర గుడ్లు పెట్టదనీ, మనిషిలాగే పిల్లల్ని కంటుందనీ మాకు అప్పుడే తెలిసింది. తండ్రి చాలాసేపు కత్తి పట్టుకుని నిలబడతాడు. తర్వాత ఇంటిల్లిపాదీ కలిసి దాన్ని అలల్లోకి తోస్తారు. డేరాలో ఆడవాళ్లంతా ముక్కులు చీదారు. నేనూ కళ్లు తుడుచుకున్నాను, దాచడమెందుకు.

సరిగ్గా అప్పుడే తడిక అవతల నుంచి, "రామకృష్ణప్పా! నువ్వు దర్జీవి కదా, నువ్వే చెప్పు. అది గుడ్డతో కుట్టిన సొర. రెక్క దగ్గర కుట్టు కనపడతాంది!"

"అది తెర మీద పడ్డ గీత సిద్దమ్మా, ఊరుకో!" అన్నాను. నాకు ఒళ్లు మండింది. ఏడుపు కూడా సాగనివ్వదు ఈ మనిషి.

సుంకులమ్మ మాత్రం ఇల్లు చేరేదాకా పొట్ట మీద చెయ్యి తీయలేదని మా ఆవిడ చెప్పింది.

మా వైపు బాలింతకు పాలు పడాలంటే ఎండు సొర పెడతారు. పాలసొర అంటారు దాన్ని. ఉడికించి, పొడిగా నలిపి, తెల్లగడ్డలు, అదే వెల్లుల్లి, దండిగా వేసి వేయించి, పాతబియ్యపు అన్నంలో కలిపి పెడతారు. బద్వేలు చుట్టుపక్కల ఏ ఇంట్లో పురుడు జరిగినా పాలసొర సిద్దమ్మ గోనెపట్ట మీద నుంచే పోవాలి. అలాంటిది, ఆ సినిమా వచ్చాక సంతలో సొర అడిగే ఆడది కనపడలేదు. చేతిలోకి తీసుకునేవాళ్లు, పొట్టవైపు చూసేవాళ్లు, కింద పెట్టేవాళ్లు. ఒకామె చేపకు దండం కూడా పెట్టుకుని పోయింది.

సిద్దమ్మ బుర్రలో లెక్క తేలిపోయింది. "తల్లులకు పాలు ఎండిపోతే లాభమెవరికప్పా? ఊరంతా ఎవరి బర్రెపాలు కొనాల? పుల్లయ్యవి! అందుకే తెప్పించినాడు ఈ సినిమాను" అంది.

"పుల్లయ్య బర్రెల కోసం ఎవరో సముద్రం దాకా పోయి సినిమా తీసినారంటావా?"

"దుడ్లుంటే ఏమైనా తీస్తారు."

అడిగి కడిగేస్తానని డేరా దగ్గరికి పోయింది. పుల్లయ్య రేకు డబ్బాలు తెరిచి చూపించి, "రైల్లో పంపిస్తారు సిద్దమ్మా, నేను ఆడిస్తా, అంతే. నా బర్రెలకు సినిమాలు తెలీవు" అని మొత్తుకున్నాడు. ఆ డబ్బాల వాసన కూడా చూసి వచ్చిందీ మహాతల్లి.

అంతవరకూ నవ్వులాటే. సుంకులమ్మకు పురుడొచ్చాక మా ఎవరికీ నవ్వు రాలేదు.

కొడుకు పుట్టాడు. బిడ్డ బాగానే ఉన్నాడు, తల్లికి పాలు పడలేదు. ఒక రోజు చూశారు, రెండు రోజులు చూశారు. మేకపాలలో దూదివత్తి ముంచి బిడ్డ నోట్లో పెడితే, తాగినట్టే తాగి కక్కేస్తున్నాడు. మొదట్లో గోడ ఇవతలకు గట్టిగా వినిపించిన ఏడుపు రానురాను సన్నగిల్లింది. మిషను ఆపితేగానీ వినిపించేది కాదు. నేను మాటిమాటికీ ఆపి వినేవాణ్ణి.

సిద్దమ్మ సొర వండి పెట్టింది. సుంకులమ్మ నోరు బిగించుకుంది.

"తినవే నా తల్లీ. ఊరందరికీ పాలు పోయించిన చెయ్యి ఇది."

"అది కూడా కడుపుతో ఉన్నదేమో అత్తా."

"ఆ సినిమా అబద్ధమే! గుడ్డ చేప!"

"సినిమాది గుడ్డదే అనుకో. ఈ పళ్లెంలోది గుడ్డది కాదు కదా" అంది సుంకులమ్మ. "నన్ను కని మా యమ్మ చచ్చిపోయింది. ఇంకో తల్లిని తిని నా బిడ్డకు పాలియ్యాలంటే నాకు ముద్ద దిగదు. నేనేం చెయ్యాల?"

మారెన్న బతిమాలాడు, మా ఆవిడ బతిమాలింది. ఆ పిల్ల మొండికేసిందని చెప్పలేను. తినాలనే చూసిందట, నోట్లో పెట్టుకోగానే వాంతి చేసుకుందట. బిడ్డ పోతాడేమోనన్న భయం ఆమెకు మాత్రం లేదా? చచ్చేంత ఉంది.

అప్పుడు సిద్దమ్మ ఒక పని చేసింది. బతుకంతా కల్తీ కల్తీ అని ఊరిమీద పడ్డ మనిషి తన వంటింట్లో తానే కల్తీ చేసింది. సొరను మెత్తగా దంచి, కందిపొడిలో కలిపి, వాసన తెలియకుండా తెల్లగడ్డలు రెట్టింపు వేసి, నెయ్యి పోసి, అన్నం కలిపి తెచ్చింది. "ఉత్త కందిపొడే. తిను" అంది.

సుంకులమ్మ ముద్ద ఎత్తింది. అలవాటు చొప్పున ముక్కు దగ్గర పెట్టుకుంది. అలాగే ఆగిపోయింది. తర్వాత ఆ ముద్దను నెమ్మదిగా పళ్లెంలో పెట్టి అత్త ముఖంలోకి చూసింది.

"వాసన చూసి తినమని నువ్వే నేర్పినావు కదత్తా. నువ్వు పెట్టినా సరే అంటివి" అంది.

మా ఆవిడ చెప్పే మాటల్లో నేను సగమే నమ్ముతాను. కానీ ఈ మాట గోడ ఇవతల నుంచి నా చెవులారా విన్నాను. ఆ తర్వాత సిద్దమ్మ ఏడ్చిన ఏడుపు కూడా విన్నాను. ఆమె గొంతులో ఏడుపుంటుందని నాకు అంతవరకూ తెలియదు.

"నాకే తెలీదమ్మే" అంది సిద్దమ్మ, ఏడుపు మధ్యలో. "ఇన్నేండ్లు పాలసొర పాలసొర అని అమ్మినా. ఏది తల్లో ఏది కాదో ఏనాడన్నా చూస్తేనా? బుట్టలో ఏది చేతికొస్తే అది తూచినా. ఆడదీ ఇచ్చింటా, మగదీ ఇచ్చింటా. ఊరందర్నీ అనుమానించినా, నా బుట్టను మాత్రం అనుమానించలా."

గోడ అవతల బిడ్డ సన్నగా కూసి ఊరుకున్నాడు.

"మగది తిన్నోళ్లకు కూడా పాలొచ్చినాయా?" అడిగింది సుంకులమ్మ.

"రాలేదని ఎవరూ వచ్చి అడగలేదు."

"అయితే మగదాన్ని ఎతుకత్తా. అది తింటా."

సిద్దమ్మ బుట్టలన్నీ వాకిట్లోకి లాగి, ఆ మధ్యాహ్నపు ఎండలో కుమ్మరించింది. మగ సొరకు తోకవైపు కింది రెక్కల లోపల చిన్న వేళ్లలాంటివి రెండుంటాయి. ఎండుచేపలు అమ్మేవాళ్లు ఎవరైనా చూసే ఉంటారు, కానీ పట్టించుకునే పని ఎవరికీ పడలేదు. ఒక్కొక్కదాన్నే తిప్పి, తడిమి, ఆడవాటిని ఒకవైపు పెడుతూ పోయింది. పెట్టేటప్పుడు విసిరెయ్యకుండా నెమ్మదిగా పెట్టిందని గోడ మీదుగా చూసిన నేను చెబుతున్నాను. అడుగు బుట్టలో ఒకటి దొరికింది. దాన్ని పట్టుకుని లోపలికి పరుగెత్తింది.

"చూడమ్మే, నువ్వే చూడు. నన్ను నమ్మొద్దు. చెయ్యి పెట్టి చూసుకో."

సుంకులమ్మ చూసుకుంది. ఆ తర్వాత, ఇన్ని రోజులకు మొదటిసారి, ఫక్కున నవ్విందట. బాలింత మంచం మీద కూర్చుని, అత్త ఎండిన మగచేపను పట్టుకుని సాక్ష్యం చూపిస్తుంటే నవ్వు రాక ఏమొస్తుంది? సిద్దమ్మకు కూడా నవ్వొచ్చింది. కన్నీళ్లు తుడుచుకోకుండానే పొయ్యి ముట్టించింది. ఆ పూట ఆ పిల్ల పళ్లెం నాకినట్టు తిని, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది.

మర్నాడు పొద్దున బిడ్డ ఏడుపు ఆగింది. మిషను ఆపి చెవి పెట్టాను, ఏమీ వినపడలేదు. మా ఆవిడ పరుగున పోయి చూస్తే, వాడు తల్లి రొమ్ము పట్టుకుని గుటకలేస్తున్నాడు. సిద్దమ్మ వాళ్ల ముందు కూర్చుని, వాడి పెదవి చివరనున్న తెల్లటి చుక్కను వేలితో తీసి, నాలుక మీద వేసుకుని చూసింది. "పాలే" అంది.

మగచేపతో పాలొచ్చాయా, కడుపునిండా తిన్నందుకు వచ్చాయా, లేక ఆ నవ్వుకు వచ్చాయా? నాకు మగచేప మీద నమ్మకం తక్కువ. ఆ మాట సిద్దమ్మ దగ్గర అనలేదు. బిడ్డ బతికాడు, చాలు.

డేరా ఎత్తేసే రోజొచ్చింది. ఆఖరి ఆటకు సిద్దమ్మ ఒక్కతే బయల్దేరింది. పుల్లయ్య మీదికి గొడవకే పోతోందని నాకు అనుమానమేసింది. ఆమె పక్కన ఇన్నేండ్లు కూర్చుంటే ఆ జబ్బు నాకూ అంటుకోదా? వెనకే పోయాను. గొడవేం పెట్టుకోలేదు. టిక్కెట్టు తీసుకుని తడిక అవతల కూర్చుంది. జనం పలచగా ఉంటే నేను తెరకు దగ్గరగా పోయి కూర్చున్నాను.

సొర వలలో పడింది. ఇసుక మీదికి లాగారు. అంత దగ్గర నుంచి చూస్తే నాకు స్పష్టంగా కనిపించింది. కింది రెక్క మొదట్లో వరసగా కుట్లు! మడిచి వేసిన కుట్టు, అదీ వంకర. పాతికేండ్లుగా సూది పట్టినవాణ్ణి, నా కళ్లు పొరపాటు పడవు. అది ముమ్మాటికీ గుడ్డతో కుట్టిన సొరే. ఆమె బతుకులో పడ్డ అనుమానాల్లో నాకు తెలిసి నిజమైంది ఇదొక్కటే. తెర మీద ఆ తండ్రి కత్తి ఎత్తి నిలబడ్డాడు.

అప్పుడు తడిక అవతల సిద్దమ్మ లేచి నిలబడింది. "ఇడిసిపెట్టప్పా దాన్ని!" అని డేరా అదిరేటట్టు అరిచింది. "నీకు దండం పెడతా. ఇడిసిపెట్టు!"

ఎవరూ నవ్వలేదు. తెర మీద వాళ్లు దాన్ని అలల్లోకి తోశారు. అది కనిపించకుండా పోయేదాకా ఆమె నిలబడే ఉంది.

ఆట అయ్యాక బయట ఆమెను కలుసుకున్నాను. ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి కదా. "సిద్దమ్మా, నువ్వన్నదే నిజం. దగ్గర్నుంచి చూసినా. అది గుడ్డతో కుట్టిందే" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. నన్ను ఎగాదిగా చూసింది.

"గుడ్డదైతే మాత్రం? కడుపుతో ఉండాది కదప్పా" అంది.